సూదిమొనంత రంధ్రం

ఆగస్టు 9, 2006, బుధవారం

మళ్లీ ఈ పుస్తకం తీశాను. మా ఆవిడ హన్నమ్మ పోయాక రాయడం మానేశాను. రాయాలంటే ఎవరి మీదైనా కోపం ఉండాలి. నా కోపం కూడా తనతోపాటే సమాధిలోకి వెళ్లిందనుకున్నాను. వెళ్లలేదు. ఈరోజు రెండు చక్రాల మీద వచ్చి నా గేటు ముందు ఆగింది.

ముందు చప్పుడు వినిపించింది. ఇంజిన్ గొంతు చించుకుంటోంది, బండి మాత్రం చూలు గేదెలా నడుస్తోంది. తాడేపల్లిగూడెం ఐ.టి.ఐ.లో ముప్పై ఒక్క సంవత్సరాలు మోటారు మెకానిక్ పాఠాలు చెప్పిన చెవులు నావి. చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అనుకున్నాను, క్లచ్ జారుతోందని.

దిగినవాడు యాభై ఏళ్ల మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, కాళ్లకి బురద.

"విశ్వాసం మాస్టారంటే తమరేనాండీ?"

"మీరెవరు?"

"వెంకట్రాజంటారండీ నన్ను. గణపవరం. కొల్లేట్లో చేపల చెరువులుండేవండీ. ఎండాకాలంలో గవర్నమెంటోళ్లు పొక్లెయిన్లు తెచ్చి గట్లన్నీ కొట్టేశారు గదండీ. చెరువులు పోయాయి, చేపలు పోయాయి. మంచిరోజుల్లో మద్రాసు నుంచి తెచ్చుకున్న ఈ జపాను బండొక్కటి మిగిలింది. ఇదీ నా మాట వినడం మానేసిందండీ."

"నా దగ్గరికి ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండీ. ఏలూరులో మధుబాబు దగ్గర రెండుసార్లు క్లచ్ ప్లేట్లు మార్పించాను. మనిషి బంగారమండీ, పనే తేలట్లేదు. ఆ షాపు బోర్డు మీద మీ పేరుంది గదా, శిష్యుడి వల్ల కాకపోతే గురువుగారున్నారు గదాని వచ్చేశాను."

బోర్డు సంగతి నాకు పదకొండేళ్లుగా తెలుసు. కళ్లతో చూడలేదు. 'మధు ఆటో వర్క్స్, గురువుగారు విశ్వాసం మాస్టారి ఆశీస్సులతో.' నేను ఎవరికీ ఆశీస్సులు ఇవ్వలేదు. అడగకుండా పేరు వాడుకున్నవాడిని ఏమంటారో ఆ బోర్డు కిందే ఇంకో బోర్డు కట్టి రాయాలి.

మధుబాబు నా దగ్గర రెండేళ్లు చదివాడు. నా కూతురు జ్యోత్స్నని పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత నా గుమ్మం తొక్కలేదు. ఈ మూడింటిలో వాడు చేసిన మంచిపని మూడోది.

"బండి ఉంచి వెళ్లండి. రేపు పొద్దున్నే రండి" అన్నాను.

చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా అనిపించింది.


ఆగస్టు 10, గురువారం

వెంకట్రాజు తోలాడు, నేను వెనక కూర్చున్నాను. డెబ్బై ఏళ్ల వయసులో ఆ ఎత్తుకి ఎక్కడం ఒక కసరత్తు. పక్కింటి శేషారత్నం గోడ మీంచి చూస్తూనే ఉంది. ఈ మనిషి రోజూ నాకు కూర పంపుతుంది, కూరతోపాటు ఒక మాట కూడా పంపుతుంది.

"ఒక పక్కకి కూర్చోండి మాస్టారూ! ఆడాళ్లలా ఉన్నా ఎవరూ నవ్వరు లెండి. పడిపోయారంటే మాత్రం ఎత్తడానికి నేనొక్కదాన్నే ఉన్నానిక్కడ."

చల్లటి ఇంజిన్‌తో బండి ఎద్దులా లాగింది. పెంటపాడు దాటి నాలుగు మైళ్లు పోయాక మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది, చక్రానికి ఆ సంగతే తెలియదు. ఎదురుగా లారీ వస్తుండగా ఒక ఆటోని దాటబోయి దాటలేక వెనక్కి తగ్గాం. వెంకట్రాజు మెడ వెనక చెమట.

కాలవ గట్టున ఆపించాను. క్లచ్ లివర్ పట్టుకుని చూశాను. బయలుదేరినప్పుడు అందులో కొంచెం వదులు ఉంది. ఇప్పుడు లేదు, కర్రలా బిగుసుకుంది. అరగంట కూర్చున్నాం. ఆయన తన చెరువుల గురించి చెప్పాడు, నేను వినలేదు. అరగంట తర్వాత బయలుదేరితే క్లచ్ మళ్లీ పట్టింది, ఏమీ జరగనట్టు.

అరిగిపోయిన ప్లేట్లు అరగంట విశ్రాంతి తీసుకుంటే బాగుపడవు.

అక్కడే, ఆ గట్టు మీదే నాకు సంగతి అర్థమైంది. వెంకట్రాజుకి చెప్పలేదు. "చూడాలి" అన్నాను.


ఆగస్టు 11, శుక్రవారం

నడుం నొప్పి.


ఆగస్టు 12, శనివారం

ఈరోజు అవసరం లేని పని ఒకటి చేశాను. క్లచ్ మూత విప్పాను. జబ్బు అక్కడ లేదని తెలుసు. వాడి పనితనం చూడాలనిపించింది. తప్పు వెతకాలనిపించింది అని రాయడం నిజాయితీ.

ప్లేట్లు కొత్తవి. వరస తప్పలేదు. స్ప్రింగులన్నీ ఒకే ఎత్తు. గాస్కెట్ అంచు కత్తిరించినంత శుభ్రంగా ఉంది. బిగించిన ప్రతి బోల్టు తల మీద పసుపు రంగు చుక్క.

ఆ చుక్క నాది. బోల్టు బిగించాక దాని తల మీద చుక్క పెట్టాలి, చుక్క లేని బోల్టు బిగించని బోల్టే అని ముప్పై ఒక్క బ్యాచ్‌లకి చెప్పాను. పరీక్ష రోజు దాకా పెట్టారు, మర్నాటి నుంచి మానేశారు. ప్రిన్సిపాల్ అయితే దాన్ని నా బొట్లపిచ్చి అనేవాడు. ఆయన పదవీ విరమణ సభలో ఎనిమిదిమంది ఏడ్చారు, అందులో ఏడుగురు ఆయనకి బంధువులు.

పదిహేనేళ్లుగా ఆ చుక్క పెడుతున్నవాడు ఒక్కడు కనిపించాడు. వీడు.

దీనివల్ల ఏమీ మారదు. తొంభైమూడులో వీడు చేసిన పని నేను మరిచిపోలేదు. ఐ.టి.ఐ. జీపుకి గేరు పడకపోతే గేర్‌బాక్స్ దింపాలని నేను చెప్పాను. రెండురోజులు దింపి విప్పాం. అప్పుడు వీడు నలభైమంది కుర్రాళ్ల ముందు నిలబడి, జబ్బు గేర్‌బాక్స్‌లో లేదు, క్లచ్ పెడల్ కింద పిన్ను అరిగింది, మాస్టారు పొరబడ్డారు అని ప్రకటించాడు. నలభైమంది ముందు! తప్పు చూపించడానికి ఒక మర్యాద ఉంటుంది.

మూత మళ్లీ బిగించాను. ఎవరి చుక్కలని వాళ్లకే ఉంచాను.


ఆగస్టు 13, ఆదివారం

చర్చి. పాస్టరుగారు క్షమాపణ మీద గంటసేపు మాట్లాడి, మైకు చెడగొట్టిన మనిషిని అందరి ముందూ కసిరారు.

మా మేస్త్రీ గురించి రాయాలి. బెజవాడలో పందొమ్మిదేళ్ల వయసులో నేను పని నేర్చుకున్నది అబ్బాయిరాజు గారి షెడ్డులో. మహానుభావుడు. చేతిలో సుత్తి ఉంటే పాడేవాడు. కానీ ప్రతి శిష్యుడి దగ్గరా ఒక్క పాఠం దాచుకునేవాడు. ఒకడికి టైమింగ్ చెప్పడు, ఒకడికి డైనమో చెప్పడు. "అంతా చెప్పేస్తే మళ్లీ నా గుమ్మంలోకి ఎందుకొస్తావురా?" అని నవ్వేవాడు. నాకు చెప్పని పాఠం కోసం నేను రెండేళ్ల తర్వాత అరటిపళ్లు పట్టుకుని వెళ్లాను. చెప్పాడు. ఆ పద్ధతిలో ఒక ప్రేమ ఉంది. అది తెలియనివాళ్లు దాన్ని స్వార్థం అంటారు.

నేనూ అదే పాటించాను. మధుబాబుకి ద్రవం ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ వ్యవస్థ అంతా చెప్పాను, ఆ ద్రవం వెనక్కి వచ్చే రంధ్రం గురించి చెప్పలేదు. వస్తాడనుకున్నాను.

వాడు అరటిపళ్లు తేలేదు. పెళ్లి శుభలేఖ తెచ్చాడు.


ఆగస్టు 14, సోమవారం

వెంకట్రాజుని పిలిపించి బండి వేడెక్కేదాకా తిప్పించాను. జారడం మొదలవగానే నా వాకిట్లో ఆపించి, ఇంజిన్ పక్కన, క్లచ్‌కి ద్రవం తెచ్చే పైపు చివర ఉన్న చిన్న నిపుల్‌ని పావు చుట్టు వదులు చేశాను. ద్రవం చివ్వున చిమ్మింది, ఎన్నాళ్లనుంచో తలుపు కొడుతున్నదానిలా. వెంటనే బిగించాను.

"ఇప్పుడు తోలండి."

వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. దిగకుండానే అరిచాడు. "పట్టేసిందండీ బాబూ! మంత్రం వేశారేంటండీ?"

మంత్రం కాదు. లివర్ వదిలినా ఒత్తిడి లోపలే మిగిలిపోతోంది. హ్యాండిల్ మీద, ఆ ద్రవం నిలవుండే చిన్న గిన్నె మూత తీశాను. మామూలుగా లివర్ మెల్లిగా నొక్కితే ఆ గిన్నె అడుగున ఉన్న రంధ్రంలోంచి ఒక చిన్న ఊట లేవాలి. లేవలేదు. ద్రవం నల్లగా ఉంది, పైన ఇంకేదో తెట్టులా తేలుతోంది.

హన్నమ్మ గాజు గ్లాసులో నీళ్లు తెచ్చి, పైనున్నది ఒక చుక్క వేశాను. ఇందులో ఉండాల్సిన బ్రేక్ ఫ్లూయిడ్ అయితే నీళ్లలో కలిసిపోవాలి. కలవలేదు. గుండ్రంగా, నల్లటి కన్నులా పైకి తేలి నావైపు చూసింది.

"ఇందులో ఏం పోశారు?"

"గిన్నెలో తగ్గిందని కాస్త పోశానండీ. చెరువు మీద మోటారుకి పోసేదేనండీ. మంచి ఆయిలు. అదే డబ్బాతో పదేళ్లు ఇంజిన్లన్నీ నడిపాం గదండీ, ఎప్పుడూ కీడు చేయలేదు." ఆయన మొహం చిన్నబోయింది. "బండి ఎండిపోతోందేమోనని పోశాను మాస్టారూ. చేపలకి మేత వేసినట్టేననుకున్నాను."

ఇంజిన్ ఆయిల్ తగిలితే లోపలి రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. ఇంతే. రెండుసార్లు ప్లేట్లు మార్చిన మధుబాబు ఒక్కసారి కూడా ఆ గిన్నె మూత తీసి లోపలికి చూడలేదు. ఎందుకు చూడాలో వాడికి ఎవరూ చెప్పలేదు గనక.

గ్లాసు నాలుగుసార్లు కడిగినా జిడ్డు వదలట్లేదు.


ఆగస్టు 19, శనివారం

రబ్బర్లన్నీ మార్చాను. ఇక్కడి కార్ల సామాన్ల షాపులో కొలతకి సరిపోయేవి దొరికాయి. పైపులు స్పిరిట్‌తో కడిగి, కొత్త ఫ్లూయిడ్ పోసి, గాలి తీసేశాను. రంధ్రాన్ని గిటారు తీగతో శుభ్రం చేశాను. లివర్ నొక్కితే ఊట లేచింది. చిన్నది. వేలెడు ఎత్తు కూడా లేదు. చాలాసేపు అదే చూస్తూ కూర్చున్నాను.

వెంకట్రాజు గణపవరం దాకా పోయి తిరిగి వచ్చాడు. నా కాళ్లకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను.

"మధుబాబుకి చెప్తానండీ, మీ మావగారు తేల్చేశారని."

"మావగారు అనకండి" అన్నాను. "గిన్నె మూత తీసి చూడలేనివాడికి నా పేరు పెట్టుకునే యోగ్యత లేదని చెప్పండి. నేను వాడికి ఆశీస్సులు ఇవ్వలేదు, ఇవ్వను. అలాగే చెప్పండి, ఒక్క మాట మార్చకుండా."

మంచి వాక్యం. పదకొండేళ్లుగా నోట్లో నానుతున్నది.

జబ్బు ఏమిటో మాత్రం వెంకట్రాజుకి వివరించలేదు. "లోపల చిన్న అడ్డం ఉంది, తీసేశాను" అన్నానంతే.


ఆగస్టు 27, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. పుస్తకాల బీరువా సర్దాను. నాలుగువందల పన్నెండు. చదవనివి రెండే. వాటిలో ఒకటి హన్నమ్మ వంటల పుస్తకం.


సెప్టెంబరు 1, శుక్రవారం

రేపు ఏలూరు వెళ్లి, దగ్గరుండి ఆ బోర్డు దింపిస్తాను. మాటంటే మాటే.


సెప్టెంబరు 2, శనివారం

వెళ్లలేదు. వర్షం.

నెలలో మొదటి శనివారం. హన్నమ్మ మొదటి శనివారాల్లో ఏలూరులో స్త్రీల సమాజం కూటానికి వెళ్లేది. పొద్దున ఎనిమిదింటి బస్సు. నేనే స్కూటర్ మీద బస్‌స్టాండ్‌లో దింపేవాణ్ని. సాయంత్రం ఆరింటి బస్సుకి మళ్లీ వెళ్లి ఎక్కించుకునేవాణ్ని. పదేళ్లు. కూటం మన ఊళ్లో లేదా అని నేను అడగలేదు, బైబిలు వాక్యం ఏం చెప్పారని కూడా అడగలేదు. ఆడవాళ్ల కూటాలు ఆడవాళ్లవి.

సంచి నిండుగా వెళ్లేది, ఖాళీగా వచ్చేది. అక్కడ పేదవాళ్లకి పంచేవారనుకుంటాను.


సెప్టెంబరు 11, సోమవారం

ఏడాది.

సమాధుల తోటకి పొద్దున్నే వెళ్లాను. నాకంటే ముందే ఎవరో వచ్చి వెళ్లారు. రాయి తుడిచి ఉంది, నాలుగు కొవ్వొత్తులు సగం కాలి ఉన్నాయి, ఒకటి పొట్టిగా, వంకరగా, చిన్నపిల్లలు నిలబెట్టినట్టు.

పోయిన ఏడాది మట్టి వేసేటప్పుడు వాళ్లు గేటు దగ్గర నిలబడ్డారు. నేను వాళ్లవైపు చూడలేదు. జ్యోత్స్న తెల్లచీర కట్టుకుంది, ఎడమచేతికి గాజుల్లేవు, మనిషి చిక్కింది. మధ్యలో ఎనిమిదేళ్ల పిల్ల. సిల్వియా అట పేరు. మధుబాబు చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు.

సాయంత్రం శేషారత్నం సున్నుండలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇవెందుకు?"

"అమ్మగారు ఏలూరు వెళ్లేటప్పుడు నాచేతే చేయించుకునేవారండీ. చెయ్యి ఊరుకోక ఈరోజు చేశాను."

"కూటానికి సున్నుండలా?"

ఆవిడ నావైపు చూసింది. ఈ మనిషి ఎప్పుడూ ఇలా చూడలేదు. ఒక్క వెటకారం మాట కూడా రాలేదు.

"కూటానికేనండీ" అంది.


సెప్టెంబరు 14, గురువారం

వెంకట్రాజు వచ్చాడు. బండి బ్రహ్మాండంగా ఉందట. రొయ్యల ఫీడు ఏజెన్సీలో తిరుగుడు పని దొరికిందట, రోజూ ఎనభై మైళ్లు తిరుగుతున్నాడట. సంతోషంగా ఉండాల్సింది పోయి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీరన్న మాట అన్నానండీ మధుబాబుతో. ఒక్క ముక్క మార్చకుండా అన్నాను. తప్పు చేశానేమోనండీ."

"ఏమన్నాడు?"

"ఏం అన్లేదండీ. చేతిలో స్పానరు కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. 'నిజమేనండీ' అన్నాడు. షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లున్నారు, వాళ్లూ విన్నారు. మొన్న అటు వెళ్తే పెయింటరు నిచ్చెనేసుకుని బోర్డు మీద ఉన్నాడండీ." గుమ్మం దాటకుండానే అన్నాడు. "ఆ అబ్బాయి నా బండికి రెండోసారి చేసిన పనికి మజూరీ కూడా పుచ్చుకోలేదు మాస్టారూ. సంగతి తేలేదాకా వద్దన్నాడు. మీరు ఆ జబ్బేంటో ఒక్కమాట చెప్పుంటే..."

"టీ తాగుతారా?" అన్నాను.

తాగకుండా వెళ్లిపోయాడు.

కోరుకున్నది జరిగింది. ఇకమీదట ఎవరూ నా పేరు వాడుకోరు. ఈ భూమ్మీద ఇంకెక్కడా నా పేరు రాసి లేదు, గేటు మీద తప్ప. గేటు మీదది కూడా తుప్పుకి సగం పోయింది.

తొంభైమూడు సంగతి నలభైమంది అని రాశాను. రెండో షిఫ్టు అది. పన్నెండుమంది ఉంటారు.


సెప్టెంబరు 19, మంగళవారం

పాఠం కాగితం మీద పెట్టాను. వాడి కోసం కాదు. పనితనం కోసం. వచ్చే పదేళ్లలో ఇలాంటి క్లచ్‌లు ఇక్కడ చాలా తిరుగుతాయి, ఎవరో ఒకరికి తెలియాలి. బొమ్మ గీసి, కింద రాసినది ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను:

'హైడ్రాలిక్ క్లచ్ జారుతుంటే ముందు ప్లేట్లని అనుమానించవద్దు. చల్లగా ఉన్నప్పుడు పట్టి, వేడెక్కాక జారి, ఆగితే మళ్లీ పడుతుంటే తప్పు ప్లేట్లది కాదు. లివర్ వదిలినంత మాత్రాన క్లచ్‌ని వదిలేసినట్టు కాదు. ముందుకి నెట్టిన ద్రవం వెనక్కి రావాలి. అందుకు మాస్టర్ సిలిండర్‌లో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే చెయ్యి వదిలినా లోపలి ఒత్తిడి అలాగే నిలిచిపోతుంది. ఇంజిన్ వేడికి అది ఇంకా పెరుగుతుంది. ఎటూ పోయే దారి లేక, కలిసి ఉండాల్సిన ప్లేట్లని విడదీస్తుంది. పరీక్ష: జారుతున్నప్పుడు నిపుల్ పావు చుట్టు వదలాలి.'

ఇక్కడిదాకా రాసి కలం పెట్టేశాను. కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాను. శేషారత్నం బట్టలు ఆరేస్తోంది.

పాఠం అంతే. అందులో ఇంకేమీ లేదు.


సెప్టెంబరు 22, శుక్రవారం

ఏలూరు వెళ్లివచ్చాను.

పదకొండింటి బస్సులో వెళ్లాను. ఆ వేళకి జ్యోత్స్న బడిలో పాఠాలు చెబుతూ ఉంటుంది, పిల్ల క్లాసులో ఉంటుంది. బస్సు ఆ టైముకే దొరికింది మరి.

షాపు చిన్నది. నేను అనుకున్నదానికంటే శుభ్రం. నా షెడ్డులాగే, గోడ మీద ప్రతి స్పానరుకీ దాని ఆకారం గీసి ఉంది. రోడ్డు అవతల నిలబడి ముందు బోర్డు చూశాను. 'మధు ఆటో వర్క్స్.' కింద వరసలో పాత అక్షరాల మీద కొత్త రంగు. ఇంకా పచ్చి వాసన వస్తోందేమో, ఇవతలికి తెలియదు.

'హన్నమ్మ గారి ఆశీస్సులతో.'

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

ఎంతసేపు నిలబడ్డానో, మధుబాబే రోడ్డు దాటి వచ్చాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, క్లాసులో నిలబడ్డట్టు.

"లోపలికి రండి మాస్టారూ. ఎండగా ఉంది."

"అది ఎవరు రాయించారు?"

"నేనేనండీ."

"ఆవిడ ఎప్పుడిచ్చింది ఆశీస్సులు?"

"ప్రతి నెలా ఇచ్చారండీ." గొంతు ఎత్తలేదు. "మీరు ఇవ్వలేదని వెంకట్రాజు గారితో చెప్పి పంపారు గదండీ. నిజమే. ఇవ్వనివారి పేరు రాసుకోవడం నా తప్పే. అందుకే ఇచ్చినావిడ పేరు రాయించాను."

గుమ్మం పక్కన ప్లాస్టిక్ వైరుతో అల్లిన కుర్చీ ఉంది. దాని మీద ఒక పాత దిండు. ఆ దిండు గలేబు నాకు తెలుసు. మా ఇంట్లో దానికి జత ఉంది. వాడు ఆ కుర్చీని చేత్తో తుడిచి నావైపు జరిపాడు. నేను కూర్చోలేదు. కూర్చోలేకపోయాను.

కాగితం తీసి ఇచ్చాను. వాడు నిలబడే చదివాడు. బొమ్మ దగ్గర ఆగాడు. వేలితో ఆ రంధ్రం గుర్తు మీద తట్టాడు, రెండుసార్లు. మళ్లీ మొదటినుంచి చదివాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో కాదు, గోడ మీద హన్నమ్మ ఫొటో వెనక పెట్టాడు.

"రెండేళ్లు మీ పక్కనే ఉన్నానండీ" అన్నాడు. "అడిగితే చెప్పేవారా?"

"నువ్వు రావాలి. వచ్చి అడగాలి."

"ఎలా వస్తానండీ?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. గుమ్మంవైపు తిరిగాను.

బయటికి వస్తుంటే వెనకనుంచి అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "ఇంకేమైనా ఉన్నాయాండీ మాస్టారూ, చెప్పనివి?"

"లేవు" అన్నాను.


సెప్టెంబరు 23, శనివారం

ఒకటి ఉంది.

తొంభైమూడులో నలభైమంది లేరు. పన్నెండుమందీ దగ్గరలో లేరు, భోజనాలకి వెళ్లారు. వాడు జీపు కిందినుంచి లేచి వచ్చి, నా పక్కన వంగి, చెవిలో చెప్పాడు. "మాస్టారూ, పెడల్ కింద పిన్ను చూస్తారా ఒకసారి? నాకే తెలియట్లేదేమో." అంతే అన్నాడు. తప్పు నాదని అనలేదు. తప్పు అన్న మాటే వాడలేదు. తనకే తెలియట్లేదేమో అన్నాడు.

నేను కొట్టాను. చెంప మీద, గ్రీజు చేత్తో. ఆ చప్పుడుకి కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఏమైందని అడిగితే వాడు చెప్పలేదు. నేనే అరిచి చెప్పాను, వీడు నాకు పాఠం చెబుతున్నాడని. అలా తెలిసింది అందరికీ.

పిన్ను అరిగింది. వాడు చెప్పినట్టే. మర్నాడు అందరూ వెళ్లాక నేనే మార్చాను. దాని మీద పసుపు చుక్క పెట్టాను.

ఎలా వస్తానండీ అని అడిగాడు నిన్న.

హన్నమ్మకి ఇది తెలుసు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నెలకోసారి బస్సెక్కింది. నేను దింపాను, నేను ఎక్కించుకున్నాను. ఎక్కడికి వెళ్తోందో నాకు తెలియదని ఈ పుస్తకంలో రాశాను. తెలుసు. మొదటినుంచీ తెలుసు. స్కూటర్ వెనక ఆ సంచి నా వీపుకి తగులుతూ ఉండేది, అందులో సున్నుండలు ఇంకా వెచ్చగా ఉండేవి.

వెళ్లి చెప్పాలి. ఉత్తరం రాయడం కాదు, కాగితం ఇవ్వడం కాదు. వాడి మొహం చూసి, జ్యోత్స్న ముందు.


సెప్టెంబరు 30, శనివారం

రేపు వెళ్దామనుకున్నాను. రేపు ఆదివారం, షాపు ఉండదు.


అక్టోబరు 7, శనివారం

మొదటి శనివారం. వర్షం లేదు.

ఎనిమిదింటికి బస్‌స్టాండ్‌లో ఉన్నాను. స్కూటర్ ఎప్పుడూ పెట్టే వేపచెట్టు కిందే పెట్టాను. ఏలూరు బస్సు వచ్చింది. జనం ఎక్కారు. నేను స్కూటర్ మీదే కూర్చున్నాను. బస్సు వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లాను. అన్నం తిన్నాను. సాయంత్రం ఐదున్నరకి, ఎందుకో తెలియదు, మళ్లీ వెళ్లి అదే చెట్టు కింద నిలబడ్డాను. ఆరింటికి బస్సు వచ్చింది. దిగేవాళ్లందరూ దిగారు. చివరగా కండక్టరు దిగి, టికెట్ల సంచి భుజానికి సర్దుకుంటూ నన్ను గుర్తుపట్టాడు.

"మాస్టారూ! బాగున్నారాండీ? అమ్మగారు కనపడట్లేదేంటండీ, ఏడాది పైమాటే? మొదటి శనివారం ఆ ముందు సీటు ఆవిడదే గదండీ. మా డ్రైవరు ఇప్పటికీ అడుగుతుంటాడు, సున్నుండలావిడ ఏరీ అని."

ఊళ్లో ఎవరికీ ఆ వార్త నేను చెప్పవలసిన పని పడలేదు. అందరికీ ముందే తెలుసు, వాళ్లే వచ్చి నాకు చెప్పారు. ఈ మనిషికి ఎవరూ చెప్పలేదు. ఇతని బస్సులో తను ఇంకా ఎక్కడో ఆలస్యమై ఉంది.

బస్సు ముందు సీటువైపు చూశాను.

"వచ్చే నెల నేనే వస్తాను" అన్నాను.

"తప్పకుండా రండి. ముందు సీటు ఆపమంటారా?"

"ఆపండి."

కండక్టరుకి మాటిచ్చాను. ఇచ్చిన మాట తప్పడం నాకు అలవాటు లేదు.


నవంబరు 4, శనివారం

ముందు సీటులోంచి రోడ్డంతా కనిపిస్తుంది. తను ఎప్పుడూ చెప్పలేదు.